ఆధారములు తొలగిన వేళ: మహర్షి దేవేంద్రనాథ టాగూరు

ఇల్లు నిండుగ నున్నపుడు ఈశ్వరుని నమ్మితిమనుట యెవరికైనను సులభమే. ఆ యింటి సామానులు వేలమునకు వచ్చినపుడును, ఆప్తులు ముఖము చాటుచేసినపుడును, ఇంతవరకు నడచిన త్రోవ యొక్కసారిగా తెగిపోయినపుడును, ఒక్క యడుగు ముందునకు వేయుటకు ఎంతటి విశ్వాసము వలయునో పడినవారికే యెరుక. మహర్షి దేవేంద్రనాథుని జీవితమున అట్టి సంధికాలములు ముమ్మారు వచ్చినవి. ఆయన చరిత్ర నంతయు వర్ణించుటకు ఇచట తావు లేదు. ఆ మూడు సమయములయందు ఆయన యెట్లు నడచెనో మాత్రము చెప్పదలచితిమి.

ఆయన 1817వ సంవత్సరము మే నెల 15వ తేదీని కలకత్తానగరమున జోడాసాంకోలో జన్మించెను. తండ్రియగు ద్వారకానాథ టాగూరు రాజా రామమోహనరాయలవారికి ఆప్తమిత్రుడు, గొప్ప జమీందారు, 1834లో దొరలను భాగస్థులుగ జేర్చుకొని కార్ టాగూర్ కంపెనీని నెలకొల్పిన వర్తకుడు. కుమారుడు భోగములలో పెరిగెను. యౌవనారంభమున, పితామహి యవసానదశయందుండగా గంగాతీరమున ఆమె చెంత గడపిన యొక వెన్నెలరాత్రి ఆయన మనస్సును మార్చివేసెను. తాను కూర్చున్న ముతకచాపయే తనకు తగిన యాసనమని తోచెను. ఇంటిలోని రత్నకంబళములపై రోత పుట్టెను. ఆ యానందము మరల దొరకక ఆయన బహుకాలము పరితపించెను. అంతట నొకనాడు చినిగిన సంస్కృతపత్రమొకటి గాలికి గొట్టుకొనివచ్చి కంటబడెను. అది ఈశోపనిషత్తులోనిదని రామచంద్ర విద్యావాగీశుడు గుర్తించి, అర్థము విప్పి చెప్పెను. ఈశ్వరుడు సర్వవ్యాపియనియు, త్యాగముతోడి భోగమే భోగమనియు తెలిసికొన్న యా దినము మొదలు ఆయనకు దారి దొరకెను. 1839లో తత్త్వబోధినీసభను స్థాపించెను. 1843 డిసెంబరు 21వ తేదీని మరి యిరువదిమందితో గూడ బ్రాహ్మధర్మదీక్షను గైకొనెను.

దీక్ష గైకొనుట యొకటి, దానిని నిలుపుకొనుట వేరొకటి. 1846 ఆగస్టు 1వ తేదీని ద్వారకానాథుడు లండనులో పరమపదించెను. పెద్దకుమారుడు శ్రాద్ధము చేయవలెను. విగ్రహారాధన చేయనని ప్రతిజ్ఞ పట్టినవాడు సాలగ్రామము నెదుట నుంచుకొని పితృకర్మ నెట్లు నెరవేర్చును? బంధువులు బోధించిరి, బెదరించిరి. తండ్రియందు భక్తి లేదని లోకమనునను భయము ఆయనకును లేకపోలేదు. తుదకు ఆయన ఉపనిషన్మంత్రములతో దానాదుల నర్పించి లేచిపోయెను. పూర్వాచారమును తమ్ముడు గిరీంద్రనాథుడు జరిపెను. బంధువులలో ననేకు లాయనను విడనాడిరి. ఇది మొదటి పరీక్ష.

రెండవది యంతకంటె కఠినము. 1848వ సంవత్సరారంభమున కంపెనీ దివాలా తీసెను. అప్పు 1 కోటి రూపాయలనియు, రావలసినదంతయు గలిపి 70 లక్షలనియు, 30 లక్షల లోటు తేలినదనియు ఆయన స్వీయచరిత్రమువలన దెలియుచున్నది. అయితే తండ్రి ముందుచూపుతో కొన్ని భూముల ననువంశీకులకు ధర్మకర్తల స్వాధీనమున నుంచి పోయియుండెను. న్యాయస్థానమునకు వెళ్లినను ఋణదాతలు వానిని తాకలేరు. చట్టము ఆ సోదరుల పక్షముననే యుండెను. అట్టి తరి దేవేంద్రనాథుడు తమ్మునితో నాలోచించి, ఆ భూములను గూడ ఋణదాతల కప్పగించుటకు సిద్ధపడెను. వచ్చినవారు విస్మితులైరి. ఆ సత్యనిష్ఠకు కరగి, కుటుంబమునకు జీవనభృతి నేర్పరచిరి. ఇంటి పరివారమును, బండ్లును, విందులును తగ్గిపోయినవి. సంవత్సరములమీద ఋణమంతయు తీరెను. తండ్రి ధర్మకార్యమున కిత్తునని మాటయిచ్చి చెల్లింపకపోయిన లక్ష రూపాయలను సైతము ఆయన వడ్డీతో చెల్లించెను.

ధనమొక్కటియే పోయెనా? ఆ కాలముననే ఆయన మతవిశ్వాసమునకు మూలస్తంభముగ నుండిన వేదప్రామాణ్యము కూడ కదలెను. వేదములను నేర్చివచ్చుటకు నలుగురు విద్యార్థులను కాశికి బంపెను. 1847లో తానును వెళ్లి విచారించెను. గ్రంథమునందలి ప్రతివాక్యమును నిర్దోషమని యొప్పుకొన నాయన మనస్సాక్షి యంగీకరింపలేదు. ఇట్లు సిరియు శాస్త్రమును రెండును చేతినుండి జారిన 1848లోనే ఆయన బ్రాహ్మధర్మ మను గ్రంథమును సంధానించెను. జ్ఞానముచే వెలిగిన నిర్మలహృదయమే బ్రహ్మమునకు పీఠమని నిశ్చయించుకొని, ఉపనిషత్సారమును తాను చెప్పుచుండగా అక్షయకుమార దత్తు వ్రాసికొనెను. చేతులు వట్టివైనపుడు గదా ఆయన యెత్తుకొనదగినదాని నెత్తుకొన్నది!

మూడవ సమయము వేరు తెరగుది. లోకవ్యవహారములకు విసిగి, ఆయన 1856లో ఇల్లు విడచి, కాశి, ఆగ్రా, ఢిల్లీ, అమృతసరముల మీదుగా సిమ్లా చేరి, హిమాలయములలో ధ్యానమగ్నుడై యుండెను. తిరిగివచ్చు తలంపు లేదు. 1858 వర్షకాలమున నొకనాడు కొండవాగు నొకదానిని జూచుచు నిలిచెను. ఇచట స్వచ్ఛముగ, శీతలముగ నున్న యీ నీరు తన నైర్మల్యమును చెరుపుకొని క్రిందికి పరుగిడుట యేల? మన్నును కలిసి బురదయైననే గదా పైరులు పండును! అట్లు తలపోయుచుండగా, గర్వమును విడిచి నీవును క్రిందికి దిగుమను ప్రేరణ యాయన యంతరంగమున గలిగెను. గుండె దడదడ కొట్టుకొనెను. ఆయన కిష్టము కొండమీదనే యుండుట, అయినను దిగెను. నవంబరు నెలలో కలకత్తా చేరెను.

దిగివచ్చినవానికి సుఖము దొరకెనని చెప్పలేము. యువకుడగు కేశవచంద్రసేనుని పుత్రునివలె ప్రేమించి, 1862లో ఆచార్యపదమిచ్చెను. సంస్కరణవేగమును గూర్చి భేదము పుట్టి 1866లో సమాజము రెండుగా చీలెను. మహర్షి పూర్వపద్ధతులను విడుచుటలో మందగతి గలవాడనుట నిజమే. మేమా లోపమును కప్పిపుచ్చము. కాని చీలిక యాయన ప్రేమను చీల్చలేదు. అంతకుముందే, 1863లో, వంగదేశపు మెరకనేలలో సప్తపర్ణవృక్షముల రెండింటి నీడకు ముగ్ధుడై, ఆయన ధ్యానార్థము 20 బిఘాల భూమిని సంపాదించియుండెను. ఆ శాంతినికేతనముననే 1901లో కుమారుడు రవీంద్రనాథుడు పాఠశాలను స్థాపించెను. మహర్షి 1905 జనవరి 19వ తేదీని దేహము చాలించెను.

పాఠకులారా! ఈశ్వరుని నమ్మి ముందునకు సాగుట యనగా కాగల ఫలమంతయు ముందుగ గానవచ్చుట కాదు. మహర్షికి ఎన్నడును దారి కొనవరకు కనబడలేదు. శ్రాద్ధదినమున తన ప్రతిజ్ఞ కనబడెను. దివాలాదినమున తన ఋణము కనబడెను. కొండమీద తన నేల కనబడెను. కనబడినంతమేర ఆయన నడచెను. తక్కినదానిని నడపించువానికి విడిచెను. మన యిండ్లలోనికి క్రొత్తకాలము వచ్చినపుడు, రాబోవునది యేమియో యని తల్లడిల్లుటకు ముందు, ఎదుటనున్న ధర్మమేదియో విచారింతము. అదియే మొదటి యడుగు. అది వేయుటకు వలసిన వెలుగు నీశ్వరుడు నేడే యిచ్చియున్నాడు.