పిట్ట చిరునామా రాసిన సలీం అలీ

చందానగర్: పక్షి పేరు ఒక్కటే రాస్తే చాలదు. కనిపించిన చోటు, తేదీ పొరపాటు లేకుండా నమోదైతేనే ఆ సమాచారానికి విలువ. ఈ క్రమశిక్షణను దేశానికి అలవరచిన వారిలో అగ్రగణ్యుడు డాక్టర్ సలీం అలీ.

1896 నవంబరు 12న ముంబయిలో జన్మించిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొంది తిరిగివచ్చినా కొలువు దక్కలేదు. 1931-32లో భార్య తెహ్మీనా తోడుగా నిజాం సంస్థానమంతటా పక్షుల సర్వే నిర్వహించారు. సేకరించిన నమూనాలకు ఊరు, తేదీ రాసిన చీటీలు కట్టారు. ఆ వివరాలు 1933 నుంచి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

చోటు స్పష్టంగా తెలియకపోతే వచ్చే నష్టాన్ని కలివికోడి ఉదంతం చాటుతోంది. పెన్నా, గోదావరి లోయల్లో అక్కడక్కడా నమోదైన ఈ పక్షి 1900 తర్వాత కనుమరుగైంది. సొసైటీ పరిశోధకులు పల్లె ప్రజలకు బొమ్మలు చూపి ఆరా తీయగా 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద మళ్లీ దొరికింది. ఉనికి ఖరారయ్యాకే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

1976లో పద్మవిభూషణ్ అందుకున్న సలీం అలీ 1987 జూన్ 20న కన్నుమూశారు. చందానగర్ సమీపంలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు లభించింది. అక్కడ చూసిన పక్షిని పక్క చెరువు పేరిట నమోదు చేస్తే రెండు చెరువుల లెక్కా తప్పుతుంది. ఫోన్‌లో చోటు గుర్తించే నేటి పక్షి ప్రేమికులకూ ఆయన చీటీయే ఒజ్జబంతి.