రఘుపతి వేంకయ్యగారు – మిగిలిన కాగితములు

మన కృష్ణాతీరపు బందరులో 1869వ సంవత్సరమున జన్మించి, తెలుగు చలనచిత్రమునకు పితామహుడని లోకముచే కొనియాడబడుచున్న రఘుపతి వేంకయ్యనాయుడుగారిని గూర్చి ఈ రజతోత్సవ సంచికకు వ్రాయబూనితిని. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరికవేళల భారత భాగవతములు చదువుకొనువానికి సినిమావారితో పనియేమని మిత్రులు కొందరు నవ్విరి. దానికి సమాధానము మన గ్రంథాలయపు అటుకమీద నున్నది. అది కడపట చెప్పెదను.

వేంకయ్యగారు చిన్నవయస్సుననే మదరాసు చేరి, చిత్రలేఖనమును, ఛాయాగ్రహణమును వృత్తిగా గైకొని, మౌంటురోడ్డున ఫోటో స్టూడియో నడపుచుండిరి. పేరు వచ్చినది. ఇల్లు గడచుచున్నది. అంతటితో తృప్తి చెందిన మనుష్యుడు కాడు. 1909లో క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చి వినిరి. ఒకవంక ఫిలిము తిరుగుచుండగా వేఱొకవంక గ్రామఫోను పళ్లెము తిరుగును. రెండును జతగూడి నడచినచో తెరమీది బొమ్మయే పాడినట్లుండును. లిప్తమాత్రము తప్పెనా, బొమ్మ నోరు మూసికొన్న పిదప పాట వినవచ్చును! దాని వెల 30,000 రూపాయలు. వేంకయ్యగారు అన్నము పెట్టుచున్న స్టూడియోను కుదువబెట్టి ఆ యంత్రమును కొనిరి. పద్దులు వ్రాయువాడను గనుక ఈ అంకెకడ నా కలము కొంతసేపు నిలిచిపోయినది. ఆ దినములలో అంత సొమ్ముతో మన డెల్టాలో ఎంత మాగాణి వచ్చియుండునో రైతులైన పాఠకులే లెక్క వేసికొందురుగాక.

మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఆ బొమ్మలను ప్రదర్శించి, పిమ్మట యంత్రమును వెంటగొని బెంగుళూరు, బెజవాడ, బొంబాయి మొదలగు పట్టణములే గాక సింహళమును, బర్మాను సయితము చుట్టివచ్చిరి. లాభము చేతికందినది. ఆ ధనముతో మౌంటురోడ్డున గెయిటీ అను సినిమాహాలును కట్టించిరి. ఆ నగరమున భారతీయుడొకడు సొంతముగా కట్టించిన సినిమాహాళ్లలో అదియే మొదటిదని ప్రతీతి. తరువాత మింటువీధిలో క్రౌన్, పురసవాకమున గ్లోబు వెలసినవి. మన బెజవాడలో మారుతీ సినిమా వచ్చినది 1921లో. అప్పటికే వేంకయ్యగారికి మదరాసున మూడు హాళ్లు!

పరులు తీసిన బొమ్మలను చూపుటతో ఆయన మనస్సు నిండలేదు. కుమారుడు సూర్యప్రకాశుగారిని ఆ విద్య నభ్యసించుటకై సీమకు పంపిరి. ఆయన తిరిగివచ్చిన మీదట 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' అను సంస్థను నెలకొల్పి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' అను మూకీచిత్రమును నిర్మించిరి. కుమారుడే దర్శకుడు, కుమారుడే భీష్ముడు. గంగాదేవి వేషము ఒక ఆంగ్లవనిత ధరించినది. మన స్త్రీలు తెరముందునకు రాని కాలమది. భారతమున తండ్రికొఱకై కొడుకు రాజ్యమును విడిచెను. ఇచట కొడుకు విద్యకొఱకు, కొడుకు చిత్రములకొఱకు తండ్రి తన ఆర్జన నంతయు నొడ్డెను. వ్యాసులవారికి తట్టని ఘట్టమిది!

పిమ్మట మఱికొన్ని పౌరాణిక చిత్రములు వెలువడినవి. తరువాతి కాలమున ప్రసిద్ధికెక్కిన చిత్తజల్లు పుల్లయ్యగారు ఈ సంస్థలోనే పని నేర్చిరి. కాని వ్యయము మిక్కుటమై ఋణములు పెరిగినవి. హాళ్లు చేజారినవి. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వెలువడి, తెలుగుబొమ్మ నిజముగానే మాటలాడుటను కన్నవారై, వేంకయ్యగారు 1941లో పరమపదించిరి. 1980 నాటికి గాని ఆయన పేరిట ప్రభుత్వ పురస్కారము ఏర్పడలేదు.

'భీష్మ ప్రతిజ్ఞ'ను నేడు చూడగోరువారికి ఒక్క అడుగు ఫిలిమైనను లభింపదు. ఆనాటి నైట్రేటు ఫిలిము నిప్పురవ్వ సోకినంతనే భగ్గుమనునది. కాలక్రమమున తనంత తానే జిగురై, పొడియై పోవునది. అందలి వెండికై కరగించినవారును కలరు. గెయిటీ హాలు కూడ నేడు లేదు. మఱి ఆయన చరిత్ర మనకెట్లు తెలిసినది? పత్రికలలోని ప్రకటనల వలన, ఛాయాచిత్రముల వలన, కరపత్రముల వలన, కొందరి జ్ఞాపకముల వలన. వేలకొలది రూపాయలు పోసి తీసిన చిత్రములు నశించి, అణా విలువ చేయని కాగితములు సాక్ష్యము చెప్పుచున్నవి. 1964లో పూనాలో స్థాపింపబడిన జాతీయ చలనచిత్ర భాండాగారమువారు ఫిలిములతోపాటు గోడపత్రికలను, పాటల పుస్తకములను గూడ సేకరించి భద్రపరచినది ఇందులకే.

ఇక అటుక సంగతి. ఒక పాఠకుని కుటుంబమువారు ఆయన మరణానంతరము మన గ్రంథాలయమునకు నొక ఇనుపపెట్టె నిచ్చిరి. పుస్తకములని తలచి తెఱచితిమి. అన్నియు సినిమా పాటల పుస్తకములు, రిక్షాకు మైకు కట్టి పంచిన రంగుల కరపత్రములు, మడతలు పడిన గోడపత్రికలు. పాతకాగితముల క్రింద తూకమునకు వేయుదమని ఒక సభ్యుడు ప్రతిపాదించగా, మొదట తల యూపినవాడను నేనే. నా తప్పు దాచుకొననేల? బాల్యమున మా యూరి డేరాహాలు గోడపత్రికలు చింపి లెక్కలపుస్తకములకు అట్టలు వేసికొన్నవాడను. కావ్యము చదువువానికి అవి చెత్తగా దోచినవి. వేంకయ్యగారి జీవితము చదివినపిమ్మట ఆ పెట్టెముందు మరల కూర్చుంటిని.

నాలుగు ఆదివారములు పట్టినది. పాటల పుస్తకములు 212, కరపత్రములు 340, గోడపత్రికలు 19. అందు మూడింటిని చెదలు సగము తినివేసినవి. పేరు, సంవత్సరము, ముద్రణాలయము ఒక రిజిస్టరులో నెక్కించితిని. గోడపత్రికల మడతలు విప్పి అట్టలనడుమ పఱచితిమి. చిరుగులకు టేపు అంటింపరాదని, జిగురు పూయరాదని తెలిసినవారు చెప్పిరి. మీ యిండ్ల భోషాణములలో ఇట్టివి యున్నచో దయచేసి తెచ్చి యిండు. చిరిగినవైనను సరే, రసీదు వ్రాసి యిచ్చెదను. తూకపు ప్రతిపాదన ఇంకను తీర్మానపుస్తకములో కొట్టివేయబడలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున అది చర్చకు వచ్చును. అంతవరకు పెట్టెలో ఎండిన వేపాకు వేయించి, తాళముచెవి కార్యదర్శిగారికి అప్పగించితిని.