దూడ చర్మంపై రాణి ముఖం: చిత్రకారుడు హిలియర్డ్ జీవితం

ధర్మవరం: తోలు మీద బొమ్మ రాయడం ఒక ఎత్తు. రాసిన బొమ్మ వంకర పోకుండా నిలబెట్టడం మరో ఎత్తు. మేకతోలు బొమ్మలు చేసి చట్రాలకు బిగించే నిమ్మలకుంట కళాకారులకు ఈ సంగతి చెప్పనవసరం లేదు. నాలుగు శతాబ్దాలకు పూర్వం ఇంగ్లండులో ఈ పనినే నమ్ముకుని రాణిగారి మెప్పు పొంది, చివరకు అప్పు కారణంగా జైలు చూసిన చిత్రకారుడు నికొలస్ హిలియర్డ్.

ఆయన 1547లో ఎక్సెటర్ పట్టణంలో జన్మించారు. తండ్రి రిచర్డ్ కంసాలి వృత్తిలో ఉండేవారు. అవి మతకలహాల రోజులు. మేరీ రాణి పాలనలో ప్రొటెస్టెంట్లకు ఇంగ్లండులో నిలువ నీడ లేకపోయింది. బాలుడైన నికొలస్‌ను బాడ్లీ అనే కుటుంబం వెంట జెనీవాకు పంపారు. 1557 నాటికి ఆయన అక్కడ ఉన్నారు.

తిరిగి వచ్చాక 1562లో లండన్‌లో రాబర్ట్ బ్రాండన్ అనే పేరుమోసిన కంసాలి వద్ద పనికి కుదిరారు. ఏడేళ్ల శిష్యరికం అనంతరం 1569లో కంసాలుల సంఘంలో సభ్యత్వం లభించింది. 1572లో ఎలిజబెత్ రాణి ముఖచిత్రం రాశారు. దాని కొలత రెండంగుళాలు మాత్రమే. 1576లో గురువు కుమార్తె ఆలిస్‌ను వివాహమాడి, ఫ్రాన్సుకు వెళ్లి, రెండేళ్లకు లండన్ చేరుకున్నారు.

పేకముక్కే ఆధారం

ఆయన బొమ్మలు రాసింది బాగా గీకి పలుచన చేసిన దూడ చర్మం మీద. చర్మానికి ఒక గుణం ఉంది. తేమ తగిలితే సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వానాకాలంలో డప్పు వదులు కావడం, సెగ చూపితే బిగియడం అందరూ ఎరిగినదే. పలుచని చర్మాన్ని ఊరికే చట్రంలో పెడితే అలలు తేలుతుంది. మేకులతో బిగిస్తే ముడుచుకునేటప్పుడు చిరుగుతుంది. పైనున్న రంగు పెచ్చులుగా రాలుతుంది.

అందుకని హిలియర్డ్ చర్మాన్ని పిండిజిగురుతో పేకముక్క తెల్లని వైపున అతికించి, నునుపు చేసి, ఆ మీదటే కుంచె పట్టేవారు. హోల్బైన్ వంటి పూర్వ చిత్రకారులూ ఈ పద్ధతినే వాడారు. ఈనాటికీ ఆయన చిత్రాలను తిప్పి చూస్తే కొన్నింటి వెనుక ఆటీను, ఇస్పేటు గుర్తులు కనిపిస్తాయి.

రంగుల్లో తుమ్మబంక కలిపేవారు. కుంచెలు ఉడుత వెంట్రుకలవి. బంగారు పొడి పూసి, చిన్న జంతువు పంటితో రుద్ది మెరుగు పెట్టేవారు. 1600 ప్రాంతంలో ఈ విద్యపై ఒక గ్రంథం రాశారు. పనిచేసేవాడు నూలుపోగులు రాలని పట్టుబట్టలు కట్టాలని, తలలోని చుండ్రు గాని, మాట్లాడేటప్పుడు నోటి తుంపర గాని బొమ్మపై పడరాదని అందులో హెచ్చరించారు. ఆ గ్రంథం 1912 వరకు అచ్చుకు నోచుకోలేదు.

పూర్తయిన చిత్రాన్ని బంగారు లాకెట్‌లోనో, దంతపు భరిణెలోనో అమర్చేవారు. మూత ఉండడం వల్ల వెలుతురు, దుమ్ము సోకేవి కావు. ఎక్కువ వెలుతురు తగిలిన చిత్రాల్లో బుగ్గల ఎరుపు వెలిసి ముఖాలు పాలిపోయాయి. నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్‌కు రాణి బహూకరించిన ఆభరణంలో ఉన్నది హిలియర్డ్ రాసిన రాణి చిత్రమే.

రాణి మెప్పు, అప్పుల బాధ

పేరు వచ్చినంతగా డబ్బు నిలవలేదు. స్కాట్లండులో బంగారు గని వ్యవహారంలో సొమ్ము పెట్టి నష్టపోయారు. 1591లో రాణి 400 పౌండ్లు ఇచ్చారు. 1599లో ఏటా 40 పౌండ్ల భరణం మంజూరైంది. అయినా అప్పులు తీరలేదు. ఇంతలో ఆయన వద్దే విద్య నేర్చిన ఐజాక్ ఆలివర్ 1605లో కొత్త రాణి ఆన్ ఆస్థానంలో చిత్రకారుడయ్యారు.

1617లో జేమ్స్ రాజు తన ముఖచిత్రాలను అచ్చొత్తే గుత్తహక్కును 12 ఏళ్లకు హిలియర్డ్‌కు ఇచ్చారు. అదే ఏడాది ఇతరుల అప్పుకు హామీ నిలిచిన పాపానికి ఆయన లడ్‌గేట్ జైలు పాలయ్యారు. అప్పటికి వయస్సు 70.

విడుదలైన తర్వాత ఎంతో కాలం బ్రతకలేదు. 1619 జనవరి 7న లండన్‌లోని సెయింట్ మార్టిన్ చర్చి ఆవరణలో ఆయనను ఖననం చేశారు. వీలునామాలో ఆ పేట పేదలకు 20 షిల్లింగులు, ఇద్దరు అక్కచెల్లెళ్లకు 30 షిల్లింగులు, పనిమనిషికి కొంత సామాను రాశారు. తక్కినది చిత్రకారుడైన కుమారుడు లారెన్స్‌కు దక్కింది.

ఆయన చిత్రాల్లో చాలావాటికి మొదట చేయించిన బంగారు తొడుగులు నేడు లేవు. పేకముక్కకు అతికిన దూడ చర్మం మాత్రం చెక్కు చెదరలేదు. లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో మసక వెలుతురులో వాటిని భద్రపరిచారు. 1577లో 30 ఏళ్ల వయస్సులో ఆయన రాసుకున్న సొంత ముఖచిత్రం కూడా అక్కడే ఉంది.