ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్

ఫ్రాంక్లిన్ డెలనో రూజ్‌వెల్ట్ (జననం: జనవరి 30, 1882 - మరణం: ఏప్రిల్ 12, 1945) అమెరికా సంయుక్త రాష్ట్రాల 32వ అధ్యక్షుడు. ఆ పదవికి నాలుగు పర్యాయాలు ఎన్నికైన ఏకైక వ్యక్తి. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలోను, రెండవ ప్రపంచ యుద్ధకాలంలోను తన దేశానికి నాయకత్వం వహించాడు. నడివయసులో వచ్చిన పోలియో వలన ఆయన కాళ్ళు చచ్చుబడిన సంగతి అందరికీ తెలిసినదే. ఆయన ప్రాణం తీసినది మాత్రం అధిక రక్తపోటు. అది ఏళ్ళ తరబడి గుండెను లోలోపల దెబ్బతీస్తూ వచ్చింది. ఆ సంగతి 1944 మార్చిలో గాని బయటపడలేదు. అందువలన వైద్యవిద్యలో ఈయన జీవితాన్ని నేటికీ ఒక ఉదాహరణగా చెబుతారు.

బాల్యం, విద్య

రూజ్‌వెల్ట్ న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి జేమ్స్, తల్లి శారా డెలనో. తండ్రి హృద్రోగంతో బాధపడి 1900 లో మరణించాడు. రూజ్‌వెల్ట్ గ్రోటన్ పాఠశాలలోను, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోను చదివి, కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించాడు. 1905 లో దూరపు బంధువైన ఎలినార్‌ను వివాహమాడాడు. ఈమె అప్పటి అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్‌కు తమ్ముని కుమార్తె.

రాజకీయ జీవితం

1910 లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 1913 నుండి 1920 వరకు నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేశాడు. 1920 లో డెమోక్రటిక్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు. మరుసటి సంవత్సరం ఆగస్టులో, 39 ఏళ్ళ వయసులో, కాంపొబెల్లో ద్వీపంలో విహారానికి వెళ్ళినపుడు జబ్బుపడ్డాడు. వైద్యులు దానిని పోలియోగా నిర్ధారించారు. ఆ తరువాత ఆయన ఇతరుల ఊతం లేకుండా నడవలేకపోయాడు. 1924 నుండి జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే వేడినీటి బుగ్గల ఊరికి చికిత్స కోసం వెళ్ళసాగాడు.

1928 లో న్యూయార్క్ గవర్నరుగాను, 1932 లో దేశాధ్యక్షునిగాను ఎన్నికయ్యాడు. న్యూ డీల్ పేరిట ఉపాధి పనులు, బ్యాంకుల సంస్కరణలు, 1935 నాటి సాంఘిక భద్రతా చట్టం అమలులోకి తెచ్చాడు. 1936, 1940 ఎన్నికలలోను గెలిచాడు. 1941 డిసెంబరు 7 న జపాను పెర్ల్ హార్బర్‌పై దాడిచేసిన తరువాత అమెరికా యుద్ధంలో దిగింది. 1942 లో లూయీ జాన్సన్‌ను తన వ్యక్తిగత ప్రతినిధిగా ఢిల్లీకి పంపి, భారత స్వపరిపాలన విషయమై బ్రిటనుపై ఒత్తిడి తేవడానికి కొంత ప్రయత్నించాడు.

పెరుగుతూ వచ్చిన రక్తపోటు

అధ్యక్షునికి 1933 నుండి వ్యక్తిగత వైద్యుడు నౌకాదళానికి చెందిన రాస్ మెకింటైర్. ఈయన చెవి, ముక్కు, గొంతు వ్యాధుల నిపుణుడు. రూజ్‌వెల్ట్‌కు తరచుగా జలుబు, సైనస్ బాధ ఉండడం వలన ఆయన సేవలు అవసరమయ్యాయి. రక్తపోటును కూడ అప్పుడప్పుడు కొలిచేవారు. తరువాతి కాలంలో వెలువడిన లెక్కలు ఇవి (పాదరస మట్టం మిల్లీమీటర్లలో):

* 1935 - 136/78
* 1937 - 162/98
* 1940 - 178/88
* 1941 - 188/105

నేటి ప్రమాణాల ప్రకారం 1937 నాటికే ఇది చికిత్స అవసరమైన స్థాయి. కాని ఆ రోజులలో వయసుతోపాటు రక్తపోటు పెరగడం సహజమని చాలామంది వైద్యులు భావించేవారు. దానిని నమ్మకంగా తగ్గించే మందులు కూడ లేవు. పైగా రోగికి ఏ బాధా కనిపించలేదు. నడక, మెట్లెక్కడం లేని చక్రాల కుర్చీ జీవితంలో ఆయాసం తొందరగా బయటపడదు కూడ.

1944 మార్చి పరీక్ష

1943 చివర టెహరాన్ సమావేశం నుండి తిరిగివచ్చిన తరువాత రూజ్‌వెల్ట్‌కు ఫ్లూ జ్వరం వచ్చింది. దాని నుండి ఆయన పూర్తిగా కోలుకోలేదు. దగ్గు, అలసట వదలలేదు. పగటిపూట పనిలోనే కునుకు పట్టేది. కుమార్తె అన్నా కలవరపడి సమగ్ర పరీక్ష జరిపించాలని పట్టుబట్టింది. ఆ విధంగా 1944 మార్చి చివరలో బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో హోవర్డ్ బ్రూన్ అనే యువ హృద్రోగ నిపుణుడు ఆయనను పరీక్షించాడు.

బ్రూన్ కనుగొన్న విషయాలు మామూలు జలుబుకు సంబంధించినవి కావు. పెదవులు, గోళ్ళు కొద్దిగా నీలివర్ణంలోకి మారాయి. కొద్దిగా కదిలినా ఆయాసం వస్తున్నది. ఊపిరితిత్తుల అడుగుభాగంలో నీరు చేరినట్లు తెలిపే శబ్దాలు వినిపించాయి. రక్తపోటు 186/108. ఎక్స్-రేలో గుండె పెద్దదయినట్లు కనిపించింది. ఈసీజీలో ఎడమ జఠరికపై భారం పడిన గుర్తులు ఉన్నాయి. మూత్రంలో ఆల్బుమిన్ ఉన్నది. అధిక రక్తపోటు, దాని వలన కలిగిన గుండె జబ్బు, ఎడమ జఠరిక వైఫల్యం, శ్వాసనాళాల వాపు అని బ్రూన్ నిర్ధారించాడు.

పూర్తి విశ్రాంతి, ఉప్పు తగ్గించిన ఆహారం, బరువు తగ్గడం, డిజిటాలిస్ అనే మందు ఇవ్వాలని ఆయన సూచించాడు. అధ్యక్షుడు మంచానికే పరిమితం కావడం అసాధ్యమని మెకింటైర్ మొదట ఒప్పుకోలేదు. జేమ్స్ పాలిన్, ఫ్రాంక్ లేహీ అనే పెద్ద వైద్యులను సంప్రదించిన తరువాత డిజిటాలిస్ మొదలుపెట్టారు. కొద్ది రోజులలోనే ఊపిరితిత్తులలోని నీరు తగ్గి, దగ్గు పోయి, నిద్ర పట్టింది. ఏప్రిల్‌లో దక్షిణ కరోలినాలో మిత్రుని ఎస్టేటులో దాదాపు నెలరోజులు విశ్రాంతి తీసుకున్నాడు. సిగరెట్లు తగ్గించాడు. గుండె వైఫల్యం అదుపులోకి వచ్చింది గాని రక్తపోటు దిగలేదు. ఆ సంవత్సరం చివరిలో అది 260/150 వరకు పెరిగింది. తరచుగా జరిగే ఈ పరీక్షలకు కారణమేమిటని గాని, ఇచ్చే మందులు ఎందుకని గాని అధ్యక్షుడు ఎన్నడూ అడగలేదని బ్రూన్ తరువాత వ్రాశాడు.

గోప్యత, నాలుగవ ఎన్నిక

ఈ నిర్ధారణను ప్రజలకు తెలియనీయలేదు. వయసుకు తగినట్లు అధ్యక్షుని ఆరోగ్యం బాగుందని మెకింటైర్ ప్రకటిస్తూ వచ్చాడు. 1944 నవంబరులో ప్రజలు రూజ్‌వెల్ట్‌ను నాలుగవసారి ఎన్నుకున్నారు. 1945 ఫిబ్రవరిలో ఆయన యాల్టా సమావేశానికి వెళ్ళాడు. అక్కడ పోలండ్ విషయమై తీవ్రమైన చర్చ జరిగిన రోజున ఆయన నాడి ఒకసారి బలంగా, మరొకసారి బలహీనంగా కొట్టుకొనడం బ్రూన్ గమనించాడు. ఇది గుండె కండరం అలసినదనడానికి గుర్తు. విశ్రాంతితో అది కొద్దిరోజులకు సర్దుకుంది. యాల్టా నిర్ణయాలపై ఆయన అనారోగ్య ప్రభావం ఎంత అన్న విషయమై చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

మరణం

1945 మార్చి చివరలో రూజ్‌వెల్ట్ విశ్రాంతి కోసం వార్మ్ స్ప్రింగ్స్ చేరుకున్నాడు. ఏప్రిల్ 12 మధ్యాహ్నం ఒంటిగంట దాటిన తరువాత, ఎలిజబెత్ షూమటాఫ్ అనే చిత్రకారిణి ఆయన చిత్రం గీస్తుండగా, తల వెనుక భాగంలో తీవ్రమైన నొప్పి వస్తున్నదని చెప్పి స్పృహ కోల్పోయాడు. బ్రూన్ వచ్చి కొలిచేసరికి రక్తపోటు 300/190 కు మించి ఉన్నది. మెదడులో రక్తనాళం చిట్లింది. మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు ఆయన మరణించాడు. అప్పటికి వయసు 63 సంవత్సరాలు. శవపరీక్ష జరపలేదు. ఆయన వైద్య నివేదికల అసలు ప్రతులు తరువాత కనిపించకుండా పోయాయి. 1970 లో బ్రూన్ తన వద్దనున్న వివరాలతో వ్యాసం ప్రచురించిన తరువాతనే లోకానికి పూర్తి వివరాలు తెలిశాయి.

దాగియున్న గుండె జబ్బు - వివరణ

గుండె ఎడమ జఠరిక శరీరమంతటికీ రక్తాన్ని పంపుతుంది. రక్తపోటు ఎక్కువైనపుడు అది మరింత బలంగా నెట్టవలసి వస్తుంది. బరువులెత్తేవాని కండరం వలె జఠరిక గోడ కూడ మందమవుతుంది. మందమైన గోడ సరిగా సడలదు, రక్తంతో సరిగా నిండదు. చివరకు రక్తం ఊపిరితిత్తులలో నిలిచి ఆయాసం మొదలవుతుంది. ఈ మార్పులు సంవత్సరాల తరబడి ఏ బాధా లేకుండా జరిగిపోతాయి.

నేడు పరిస్థితి మారింది. రక్తపోటు బాగా ఎక్కువగా ఉండి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చినవారిని రెండు విధాలుగా చూస్తారు. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడడం, చూపు మందగించడం వంటి లక్షణాలుంటే వెంటనే ఈసీజీ, రక్తపరీక్షలు, స్కానింగు చేసి రక్తపోటును తగ్గిస్తారు. ఏ లక్షణమూ లేకపోతే తొందరపడి ఒక్కసారిగా తగ్గించడం మంచిది కాదు. అయితే అటువంటివారి గుండె కూడ దెబ్బతిని ఉండవచ్చును. 2012 లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో అత్యవసర విభాగానికి రక్తపోటుతో వచ్చి, గుండె జబ్బు లక్షణాలేవీ లేని 161 మందికి అల్ట్రాసౌండ్‌తో గుండెను చూసే ఎకోకార్డియోగ్రామ్ పరీక్ష చేశారు. వారిలో దాదాపు పదింట తొమ్మిదిమందికి రక్తపోటు వలన గుండెలో మార్పులు కనిపించాయి. వారిలో ఎక్కువమంది నల్లజాతివారు కావడం వలన ఈ లెక్కను అందరికీ వర్తింపజేయలేము. లక్షణాలు లేని ప్రతి రోగికీ అత్యవసర విభాగంలోనే ఈ పరీక్షలు చేయాలా అన్న విషయమై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. ఆ రోగి కొద్దిరోజులలో తప్పక మరల వైద్యుని కలవాలన్న దానిపై మాత్రం భేదాభిప్రాయం లేదు.

మరణానంతర ప్రభావం

రూజ్‌వెల్ట్ తరువాత అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ 1948 జూన్‌లో జాతీయ హృదయ చట్టంపై సంతకం చేశాడు. దానితో హృద్రోగ పరిశోధనకు జాతీయ సంస్థ ఏర్పడింది. అదే సంవత్సరం మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దీర్ఘకాల అధ్యయనం మొదలైంది. అధిక రక్తపోటు గుండెపోటుకు, పక్షవాతానికి దారితీస్తుందని ఆ అధ్యయనం నిరూపించింది. 1958 లో క్లోరోథయజైడ్ అనే మాత్ర వాడుకలోకి వచ్చింది. మందులతో రక్తపోటును తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని 1967 లో, 1970 లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. 1937 లో 162/98 తో ఉన్న రూజ్‌వెల్ట్‌కు అందుబాటులో లేని ఆ చికిత్స నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సైతం లభిస్తున్నది.