తేలిక కారు శిల్పి – కాలిన్ చాప్‌మన్

మోటారు కారు అనగానే పెద్ద కర్మాగారం, వేలాది కార్మికులు, కోట్ల పెట్టుబడి మన కళ్లముందు మెదలుతాయి. కాని రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఇంగ్లండులో ఒక విచిత్రమైన ఆచారం బలపడింది. పందెపు కారును విడిభాగాలుగా కొని తెచ్చుకొని, ఇంటివెనుక షెడ్డులో సాయంకాలాలూ సెలవుదినాలూ వెచ్చించి, స్వయంగా బిగించుకొని, తమ అభిరుచికి తగినట్లు తీర్చిదిద్దుకొని, ఆ కారులోనే పందేలకు వెళ్లే యువకులు అక్కడ బయలుదేరారు. ఈ విడిభాగాల సముదాయాన్ని వారు కిట్ అంటారు. ఈ పద్ధతికి ఒక రూపాన్నీ ప్రతిష్ఠనూ కల్పించినవారిలో అగ్రగణ్యుడు కాలిన్ చాప్‌మన్. అతడు కల్పించిన ఒక చిన్న కారును అనుకరిస్తూ ఈనాటికీ అనేక దేశాల్లో ఔత్సాహికులు తమ కార్లు తామే కట్టుకుంటున్నారు. అతని జీవితం రెండు కారణాలవల్ల విద్యార్థులు చదువదగినది. యంత్రంలో అనవసరమైనదాన్ని గుర్తించి తీసివేయడం ఎలాగో అది తెలుపుతుంది. తీసివేయకూడనిదాన్ని తీసివేస్తే ఏమి జరుగుతుందో కూడా అదే తెలుపుతుంది.

ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్ 1928 మే 19వ తేదీన లండన్ సమీపంలోని రిచ్‌మండ్‌లో జన్మించాడు. ఉత్తర లండన్‌లోని హార్న్‌సీలో అతని తండ్రి రైల్వే హోటల్ నడిపేవాడు. చాప్‌మన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు విద్యార్థిగా చేరి కట్టడాల నిర్మాణశాస్త్రం అభ్యసించాడు. అక్కడే విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. కట్టడాల శాస్త్రం, విమానవిద్య – ఈ రెండూ కలిసి అతని ఆలోచనకు పునాదులయ్యాయి. విమానం తన బరువును తానే మోసుకొని పైకి లేవాలి గనుక అందులో ప్రతి చీలకూ లెక్కలోకి వస్తుంది. నేలమీద తిరిగే బండిని కూడా అదే దృష్టితో చూసిన ఇంజనీర్లు ఆ రోజుల్లో అరుదు.

చదువుకుంటూనే అతడు ఒక మిత్రునితో కలిసి పాత కార్ల వ్యాపారం చేశాడు. యుద్ధానంతరం కొత్త కార్లు దొరకక పాత కార్లకు మంచి గిరాకీ ఉండేది. 1947 చివర ప్రభుత్వం సామాన్యులకిచ్చే పెట్రోలు రేషను నిలిపివేయగానే ఆ గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. ఉన్న కార్లన్నీ వచ్చిన ధరకు వదిలించుకోగా, ఎవరూ కొనని ఒక పాత ఆస్టిన్ సెవెన్ మిగిలిపోయింది. చాప్‌మన్ భవిష్యత్తు ఆ మిగిలిపోయిన కారులోనే దాగి ఉంది. కాబోయే భార్య హేజల్ విలియమ్స్ పుట్టింటి వెనుక ఉన్న షెడ్డులో దాన్ని ఊడదీసి, విమాన నిర్మాణ పద్ధతిలో ప్లైవుడ్డు, అల్యూమినియం రేకులతో కొత్త దేహం కట్టాడు. 1948 నాటి ఆ కారే మొదటి లోటస్. లోటస్ అంటే తామర. ఆ పేరు ఎందుకు పెట్టాడో అతడు జీవితాంతం బయటపెట్టలేదు.

ఆ సంవత్సరమే డిగ్రీ పరీక్షలో గణితం తప్పాడు. మరుసటి ఏడు మళ్లీ రాసి పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం బ్రిటిష్ వైమానిక దళంలోనూ, తరువాత బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలోనూ పనిచేశాడు. పగలు ఉద్యోగం, రాత్రి కారు నిర్మాణం – ఇదీ అతని దినచర్య. పొరుగున ఉండే అలెన్ సోదరుల సాయంతో కట్టిన మూడవ కారు 1951లో చిన్న కార్ల పందేల్లో తిరుగులేనిదిగా నిలిచింది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో అతడు చేసిన ఒక యుక్తి ఎంతగా ఫలించిందంటే, దాన్ని నిషేధించడానికి పందేల నిర్వాహకులు నిబంధనలే మార్చవలసి వచ్చింది. నిబంధన ఎక్కడ ఆగిపోతుందో కనిపెట్టి ఆ అంచు వరకు వెళ్లడం అతని స్వభావంగా మారింది. ఈ గుణం అతన్ని ఎంతో ఎత్తుకు తీసుకుపోయింది. చివరకు అపకీర్తికీ అదే దారితీసింది.

1952 జనవరిలో హేజల్ ఇచ్చిన 25 పౌన్ల అప్పుతో, తండ్రి హోటల్ వెనుక ఉన్న గుర్రపుశాలలో లోటస్ ఇంజనీరింగ్ సంస్థ ప్రారంభమైంది. 1954లో వారిద్దరికీ వివాహమైంది. సంస్థ అమ్మకానికి పెట్టిన తొలి కారు మార్క్ సిక్స్. దీనితోనే చాప్‌మన్ ప్రతిభ లోకానికి వెల్లడైంది. అప్పటివరకు సామాన్యమైన కార్ల చట్రం రెండు బరువైన ఉక్కు దూలాలను నిచ్చెనవలె బిగించి చేసేవారు. మెలితిప్పితే నిచ్చెన మెలితిరుగుతుంది. ఆ చట్రమూ అంతే. చాప్‌మన్ సన్నని ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా కూర్చి, పంజరంవంటి చట్రం కట్టాడు. రాజమండ్రి వద్ద 1974లో ప్రారంభమైన గోదావరి రైలు రోడ్డు వంతెనను చూసినవారికి ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది. అక్కడ ఉక్కు దూలాలు వరుసగా త్రికోణాలుగా అమర్చి ఉంటాయి. చతురస్రాన్ని మూలవద్ద నొక్కితే పక్కకు వాలుతుంది. త్రికోణం భుజాల పొడవు మారితే తప్ప దాని ఆకారం మారదు. అందువల్ల ప్రతి గొట్టంమీద లాగుడో నొక్కుడో మాత్రమే పడుతుంది, వంపు దాదాపు పడదు. వంపు లేనిచోట సన్నని గొట్టమే చాలు.

తేలికైన కారువల్ల కలిగే లాభం ఒక్కటి కాదు. న్యూటన్ రెండవ నియమం ప్రకారం అదే బలానికి బరువు తగ్గినకొద్దీ వేగవృద్ధి పెరుగుతుంది. బ్రేకులకు శ్రమ తగ్గుతుంది, టైర్లు మలుపులో నేలను విడువవు. పెద్ద ఇంజన్ తిన్నని దారిలోనే ఉపకరిస్తుంది, తక్కువ బరువు అన్ని చోట్లా ఉపకరిస్తుంది. పేదవాడైన యంత్రకారుడు ధనవంతుని శక్తివంతమైన కారును ఓడించడానికి ఇదే మార్గమని చాప్‌మన్ గ్రహించాడు.

ఇక కిట్ విషయం. ఆనాటి బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కొత్త కారుపై భారీ కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొని, యజమాని స్వయంగా బిగించుకుంటే ఆ పన్ను వర్తించేది కాదు. మార్క్ సిక్స్ ఈ పద్ధతిలోనే అమ్ముడైంది. దాని వారసునిగా 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈ సంప్రదాయానికి మకుటాయమానమైంది. తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు, అలంకారం లేదు. ఇద్దరు కూర్చునే చోటు, ముందు ఇంజన్, నాలుగు చక్రాలు – అంతే. బరువు సుమారు 500 కిలోల లోపు. బిగించే విధానం రాసి ఇస్తే పన్ను పడుతుందని, విప్పే విధానం రాసి ఇచ్చి దాన్ని వెనుకనుంచి చదువుకొమ్మన్నారని ఒక కథ మోటారు ప్రియులలో ప్రచారంలో ఉంది.

అలాంటి కారు కట్టడం ఒక చిన్న ఇంజనీరింగు విద్యాభ్యాసమే. ముందుగా చట్రాన్ని సమంగా దిమ్మెలపై నిలిపి, మూలమట్టం చూసుకోవాలి. అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించాలి. పాత ఫోర్డు కారునుంచి ఊడదీసిన ఇంజన్‌ను, గేర్‌బాక్సును శుభ్రపరచి చట్రంలోకి దింపాలి. వెనుక ఇరుసు, స్ప్రింగులు, స్టీరింగు, బ్రేకు గొట్టాలు వరుసగా అమర్చాలి. దీపాలకు, మీటలకు విద్యుత్తు తీగలు లాగాలి. చివరకు చక్రాల వాలును కొలిచి సరిచేయాలి. ఒక్క మరను మరిచినా రోడ్డుమీద ప్రాణానికి ముప్పు. బాగా పొడవైనవాడు సీటును కిందికి దించుకుంటాడు, వేగం కోరేవాడు వేరొక ఇంజన్ వెతుక్కుంటాడు, రంగూ చక్రాలూ ఎవరి ఇష్టం వారిది. అందుచేత ఏ రెండు కార్లూ పూర్తిగా ఒక్కలా ఉండవు. 1967లో బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రసారమైన ది ప్రిజనర్ అనే ధారావాహికలో కథానాయకుడు నడిపే కారు లోటస్ సెవెనే. దాన్ని తన చేతులతో తానే కట్టుకున్నానని ఆ పాత్ర చెప్పుకోవడం ఆ కారు స్వభావానికి తగినట్లే ఉంది.

కిట్ల అమ్మకం తెచ్చిన ఆదాయం, పేరు చాప్‌మన్‌ను ప్రపంచస్థాయి పందేల్లో నిలిపాయి. 1960లో మొనాకోలో స్టిర్లింగ్ మాస్ లోటస్ కారుకు తొలి గ్రాండ్ ప్రి విజయం సాధించాడు. 1962లో చాప్‌మన్ గొట్టాల చట్రాన్నే వదలి, విమాన దేహంవలె రేకులే బరువు మోసే కారును ఫార్ములా వన్‌కు పరిచయం చేశాడు. జిమ్ క్లార్క్ 1963లోనూ 1965లోనూ ప్రపంచ విజేత అయ్యాడు. 1965లోనే అమెరికాలోని ఇండియనాపొలిస్ 500 మైళ్ల పందెం కూడా గెలిచాడు. 1966లో సంస్థ నార్‌ఫోక్ ప్రాంతంలోని హెథెల్‌కు, యుద్ధకాలపు పాత విమానాశ్రయానికి తరలింది. 1978లో కారు అడుగున పారే గాలితోనే కారును నేలకు అదిమి ఉంచే పద్ధతితో మేరియో ఆండ్రెటి విజేత అయ్యాడు. చాప్‌మన్ జీవితకాలంలో లోటస్ 7 పర్యాయాలు నిర్మాతల ప్రపంచ పతకం పొందింది.

ఈ విజయగాథకు మరొక పుట ఉంది. 1960లోనే బెల్జియంలో చక్రం ఊడిపోయి స్టిర్లింగ్ మాస్ కాళ్లు విరిగాయి. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్ లోటస్ నడుపుతూ మరణించాడు. టైరులో గాలి తగ్గడమే అందుకు కారణమని భావించారు. ఆప్తమిత్రుని మరణం చాప్‌మన్‌ను కుంగదీసింది. 1969లో స్పెయిన్‌లో ఒకే పందెంలో రెండు లోటస్ కార్ల ఎత్తైన రెక్కలు విరిగిపడ్డాయి. ఆ ప్రమాదంలో గాయపడిన యోఖెన్ రింట్ తరువాత చాప్‌మన్‌కు ఒక లేఖ రాశాడు. కార్లు ఇప్పటికే ఎంతో వేగమైనవనీ, బలహీనమైన భాగాలను గట్టిపరచడానికి కొద్ది బరువు చేర్చినా గెలుస్తామనీ అందులో విన్నవించాడు. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో అభ్యాస సమయంలో రింట్ మరణించాడు. ముందుచక్రపు బ్రేకు కడ్డీ విరగడంతో ప్రమాదం మొదలైందని, రోడ్డు అంచున సరిగా బిగించని కంచె ప్రాణం తీసిందని తరువాతి విచారణ తేల్చింది. అప్పటికే గెలిచి ఉన్న పందేల బలంతో ఆ ఏడు మరణానంతరం అతడే ప్రపంచ విజేతగా ప్రకటితుడయ్యాడు. ఆ గౌరవం మరొకరికి దక్కలేదు. ప్రతి మరణానికీ చాప్‌మన్‌ను దోషిగా నిలపడం న్యాయం కాదు. ఆ రోజుల్లో పందేలన్నీ ప్రాణాపాయకరమే. అయినా రింట్ అడిగిన ఆ కొద్ది బరువు చరిత్రలో ఒక ప్రశ్నగా మిగిలిపోయింది.

1973లో బ్రిటన్‌లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను రావడంతో కిట్‌కు ఉన్న పన్ను లాభం అంతరించింది. ఖరీదైన కార్ల వైపు మళ్లిన చాప్‌మన్ సెవెన్ హక్కులను కేటర్‌హామ్ సంస్థకు అప్పగించాడు. అప్పటికి సుమారు 2,500 సెవెన్‌లు వెలువడ్డాయి.

1978లో జాన్ డిలోరియన్ అనే అమెరికను పారిశ్రామికవేత్త ఉత్తర ఐర్లండులో బ్రిటిష్ ప్రభుత్వ ధనంతో కార్ల కర్మాగారం స్థాపించి, కారు రూపకల్పనలో ఇంజనీరింగు పనిని లోటస్‌కు ఒప్పగించాడు. ఆ పనికోసం సుమారు 1 కోటి 76 లక్షల డాలర్లు పనామాలో నమోదై జెనీవాలో వ్యవహరించిన ఒక సంస్థకు వెళ్లి, అక్కడినుంచి దారి మళ్లాయి. 1982లో డిలోరియన్ సంస్థ దివాలా తీసింది. విచారణ ముదిరేలోగా, 1982 డిసెంబరు 16న, చాప్‌మన్ 54వ ఏట గుండెపోటుతో మరణించాడు. 1992లో లోటస్ ఆర్థిక వ్యవహారాల బాధ్యునికి జైలుశిక్ష విధించిన న్యాయమూర్తి, చాప్‌మన్ జీవించి బోనులో నిలిచి ఉంటే కనీసం పదేళ్ల శిక్ష పడేదని అభిప్రాయపడ్డాడు. మరణించినవాని మీద విచారణ జరగదు గనుక అతనిపై నేరం రుజువు కాలేదు. మచ్చ మాత్రం మిగిలింది.

అయితే అతని చిన్న కారు అతనికంటె దీర్ఘాయువు పొందింది. కేటర్‌హామ్ సంస్థ సెవెన్‌ను నేటికీ తయారుచేస్తోంది, కిట్ రూపంలోనూ అమ్ముతోంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆంగ్ల ఉపాధ్యాయుడు, పాత ఫోర్డు ఎస్కార్టు భాగాలతో, తానే వెల్డింగు చేసుకున్న చట్రంతో, 250 పౌన్లకే అలాంటి కారు కట్టుకునే విధానాన్ని పుస్తకంగా వెలువరించాడు. దాన్ని చదివి ఎందరో తమ షెడ్లలో కార్లు కట్టారు. ఇలా సొంతంగా కట్టిన కారు బ్రిటన్‌లో రోడ్డెక్కాలంటే ప్రభుత్వ తనిఖీలో నెగ్గాలి. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, సీటు బెల్టులు అన్నిటినీ పరీక్షించిన తరువాతే అనుమతి లభిస్తుంది. కట్టే స్వేచ్ఛ కట్టేవానిది. భద్రత మాత్రం దారిన నడిచే అందరిదీ.

తేలికదనం గొప్ప గుణమే. మాటలో, రాతలో, యంత్రంలో అనవసరపు భారాన్ని తగ్గించినవాడు వేగంగా ముందుకు సాగుతాడు. కాని ప్రతి నిర్మాణంలోనూ పనిలేనట్లు కనిపిస్తూ ప్రాణం కాపాడే బరువు కొంత ఉంటుంది. యంత్రంలో దాన్ని భద్రత అంటాం, మనిషిలో నిజాయితీ అంటాం. చాప్‌మన్‌నుంచి మనం అతని త్రికోణాన్ని, అతని పట్టుదలను స్వీకరిద్దాం. రింట్ లేఖను కూడా దానితోపాటే జ్ఞాపకం ఉంచుకుందాం. ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని రేపు వంతెనలూ వాహనాలూ కట్టబోయే మన విద్యార్థులకు ఈ రెండూ అవసరమే.