మూగవోయిన మధుర గళం

అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించే సంప్రదాయం మనది. తిండి దొరకక కృశించడం ఎంతటి విషాదమో మనకు తెలుసు. విస్తరి ముందున్నా ముద్ద మింగనివ్వని వ్యాధి ఒకటి ఉందని మాత్రం చాలామంది ఎరుగరు. హైదరాబాదులో అమీర్‌పేట వసతి గృహాలలో ఉండి చదువుకొనే విద్యార్థులకూ, పంజాగుట్ట కూడలిలోని నిలువెత్తు ప్రకటనలలో సన్నని రూపాలను నిత్యం చూసే యువతకూ ఆ వ్యాధిని గురించి తెలియడం ఎంతో అవసరం. దానిని లోకానికి ఎరుకపరచినది అమెరికా గాయని కారెన్ కార్పెంటర్ జీవితం.

కారెన్ 1950 మార్చి 2వ తేదీన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు ఆగ్నెస్, హెరాల్డ్. అన్న రిచర్డ్ ఆమె కంటె మూడేళ్లు పెద్ద. అతడు చిన్ననాటి నుండే పియానో వాదనంలో ప్రతిభ చూపాడు. 1963లో ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని డౌనీకి తరలివెళ్లింది. అక్కడి ఉన్నత పాఠశాల వాద్యబృందంలో చేరిన కారెన్ డ్రమ్స్ వాయించడం నేర్చుకొంది. ఆడపిల్లలు ఆ వాద్యాన్ని చేపట్టడం అరుదైన రోజులవి. వాయిస్తూనే ఆమె పాడేది. మంద్రస్థాయిలో పలికే ఆ గొంతు విన్నవారిని కట్టిపడవేసేది.

1969లో ఏ అండ్ ఎం రికార్డ్స్ సంస్థ ఈ అన్నాచెల్లెళ్లతో ఒప్పందం కుదుర్చుకొంది. 'కార్పెంటర్స్' పేరుతో వారు పాడిన 'క్లోజ్ టు యూ' పాట 1970లో అమెరికాలో ప్రథమ స్థానం పొందింది. మరుసటి ఏడాది ఉత్తమ నూతన కళాకారులుగా వారికి గ్రామీ పురస్కారం లభించింది. 1973లో అధ్యక్షుని నివాసమైన శ్వేతసౌధంలో వారు కచేరీ చేశారు.

కీర్తితోపాటే కొత్త కలత మొదలైంది. డ్రమ్స్ చాటున కూర్చొన్న గాయని ప్రేక్షకులకు సరిగా కనిపించడం లేదని ఆమెను వేదిక ముందుకు తెచ్చారు. వేలాది కళ్లు తన రూపాన్ని పరీక్షిస్తున్నాయన్న సంకోచం ఆమెను పట్టుకొంది. కౌమారంలో కొంత బొద్దుగా ఉండిన కారెన్ 1967లోనే వైద్యుని సలహాపై ఆహారం తగ్గించుకొని సన్నబడింది. కొన్నేళ్లు సవ్యంగానే గడిచాయి. 1973 ప్రాంతంలో తన ఛాయాచిత్రాలు చూసుకొని లావయ్యానని బాధపడి మళ్లీ తిండి తగ్గించింది. తొలుత చుట్టూ ఉన్నవారు ఆమె నాజూకుదనాన్ని మెచ్చుకొన్నారు. ఆ మెప్పు వ్యాధికి ఊతమైంది. ఎముకలు కనిపిస్తున్నా అద్దంలో ఆమెకు స్థూలకాయమే తోచేది. భోజన సమయంలో తన పళ్లెంలోని పదార్థాలను రుచి చూడమని ఇతరులకు పంచి, తాను తినకుండానే లేచేది. 1975 నాటికి శరీరం పూర్తిగా నీరసించడంతో బ్రిటన్, జపాన్ పర్యటనలు రద్దయ్యాయి.

ఆ వ్యాధి కొత్తది కాదు. 1870లలోనే లండన్ వైద్యుడు సర్ విలియం గల్ దానికి 'అనొరెక్సియా నెర్వోజా' అని పేరు పెట్టాడు. అయినా వందేళ్ల తరువాత కూడ ఆ పేరు సామాన్యులకు తెలియదు. ఇంట్లోవారు తినమని బతిమాలేవారు, మందలించేవారు. మొండితనమనుకొన్నది మనసుకు పట్టిన వ్యాధి అని గ్రహించేసరికి ఏళ్లు గడిచిపోయాయి. 1982లో కారెన్ తానే న్యూయార్క్ వెళ్లి, మానసిక చికిత్సకుడు స్టీవెన్ లెవెన్‌క్రాన్ వద్ద చికిత్స పొందింది. అక్కడి ఆసుపత్రిలో నరాల ద్వారా పోషకద్రవాలు ఎక్కించగా బరువు కొంత పెరిగింది. కాని ఏళ్ల తరబడి పస్తులున్న దేహంలో గుండె అప్పటికే బలహీనపడింది. 1983 ఫిబ్రవరి 4న డౌనీలో తల్లిదండ్రుల ఇంట కుప్పకూలి, కారెన్ కన్నుమూసింది. ఆనాటికి ఆమె వయసు 32 సంవత్సరాలు.

ఆ మరణవార్తతో వ్యాధి పేరు పత్రికలకెక్కింది. తమ ఇళ్లలోని పిల్లల తీరును తల్లిదండ్రులు కొత్త కళ్లతో చూడసాగారు. కుటుంబ సభ్యులు ఆమె స్మృత్యర్థం ఒక సంస్థను నెలకొల్పారు. 1989లో ఆమె జీవితం టెలివిజన్ చిత్రంగా వచ్చి మరెందరికో ఆ విషయం తెలిపింది.

ఈ రుగ్మత తరచుగా కౌమార, యౌవన దశలలో మొదలవుతుంది. ఆడపిల్లలలో ఎక్కువైనా మగపిల్లలను విడిచిపెట్టదు. ఇంటికి దూరంగా వసతి గృహంలో ఉండే విద్యార్థి పూటపూటకూ భోజనం మానేసినా గమనించే తల్లి దగ్గర ఉండదు. గమనించగలిగినది పక్క మంచం మీది స్నేహితులే. శరీరాన్ని గురించి వారు చేసే వేళాకోళం గాయపరుస్తుంది. వారి ఆదరణ కాపాడుతుంది. పోషకాహారం, మానసిక చికిత్స, కుటుంబ సహకారం వేళకు అందితే కోలుకోవడం సాధ్యమే. అమీర్‌పేటకు చేరువలోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. 2022లో ప్రారంభమైన 'టెలీ మానస్' సేవ 14416 సంఖ్యపై తెలుగులోనే సలహా ఇస్తుంది. కారెన్ వ్యాధిని గుర్తించడానికి ఏళ్లు పట్టింది. ఆమె కథ తెలిసిన నేటి యువతకు అంతటి జాప్యం అక్కరలేదు.