శాసనాలు చదివిన బడిపంతులు గిడుగు

ముఖలింగేశ్వరుని గుడి గోడల మీది శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్న ఒక బడిపంతులు తెలుగు పిల్లల చదువు తీరునే మార్చివేశారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ముఖలింగానికి దగ్గరలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న ఆయన పుట్టారు. తండ్రి వీర్రాజుగారు 1875లో చనిపోయారు. విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివిన కాలంలో గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతంపై చరిత్ర పాఠాలు చెప్పే పంతులుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఎ. ప్యాసయ్యారు.

చరిత్ర చెప్పేవారికి శాసనాలు తెలియాలని పాత లిపులు నేర్చారు. నడగాంలో దొరికిన వజ్రహస్తుడి రాగిరేకుల శాసనాన్ని చదివి ప్రకటించారు. గంగరాజుల రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని వాదించారు.

పర్లాకిమిడి కొండల్లోని సవరల భాషకు అప్పట్లో పుస్తకాలు లేవు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ పంతులుగారు ఆ భాష నేర్చారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. కొండల్లో మలేరియా పట్టుకుంది. క్వినైన్ ఎక్కువగా వాడడంతో ఆయన చెవులు దెబ్బతిన్నాయి. అయినా పని విడువలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. ప్రభుత్వం 1913లో రావుబహదూర్ బిరుదు ఇచ్చింది.

సవర పిల్లలకు తమ మాటలో చదువు అందినప్పుడు తెలుగు పిల్లలకు మాత్రం అర్థంకాని గ్రాంథికం ఎందుకని ఆయన ప్రశ్న. 1911లో ఉద్యోగం విరమించాక ఊరూరా తిరిగి వ్యావహారిక భాష కోసం సభల్లో వాదించారు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్ద పండితులు ఎదురు నిలిచినా వెనక్కు తగ్గలేదు. 1919లో తెలుగు అనే పత్రికను సొంతంగా నడిపారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోకూడదని ఆయన ఎంతగానో పోరాడారు, కాని ఫలించలేదు. డెబ్బై దాటిన వయసులో, అర్ధ శతాబ్దానికి పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి చేరుకున్నారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఈనాడు పల్లెటూరి రైతు కూడా పేపరు చదివి అర్థం చేసుకోగలుగుతున్నాడంటే అందులో పంతులుగారి కష్టం ఉంది. ఏటా ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నారు.